బల్ల ఒకటి, గోడ ఒకటి: బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, సాంస్కృతిక విభాగం చూసే అక్కలకు, అన్నలకు నమస్కారం.

మీరంతా ఉద్యోగాలు చేసుకుంటూనే శనివారాలు హాళ్ళ చుట్టూ తిరిగి, సొంత డబ్బు ముందుగా కట్టి, మూడొందల మందికి పులిహోర కలిపి పండగలు జరుపుతున్నారని తెలుసు. పోయినసారి ఆ పులిహోర కలిపిన చేతుల్లో నావీ ఉన్నాయి. కాబట్టి బయట నిలబడి రాళ్ళు వేస్తున్నానని అనుకోకండి.

ఉగాది హాల్లో వాతావరణ మార్పు మీద కుట్టుపని చేసే ఒక బల్లకు చోటు ఇమ్మని మొదట ఒక్క సంఘానికే రాసిన విన్నపం ఇది. మూడు మెయిళ్ళు పంపాను. ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టాను, నీలం టిక్కులు కూడా పడ్డాయి. ఒకసారి హాలు బయట పార్కింగ్‌లో చలికి వణుకుతూ నోటితోనే చెప్పాను. రెండు ఉగాదులు దాటినా నాకు వచ్చిన జవాబులు మూడే: "చూద్దామండీ", "వాళ్ళు చర్చి వాళ్ళు కదా", "ఈసారి ప్రోగ్రామ్ చాలా టైట్‌గా ఉంది". ఆ సంఘం పేరు ఇక్కడ రాయను. వేరే ఊళ్ళలో ఉండే స్నేహితులను కదిలిస్తే వాళ్ళదీ దాదాపు ఇదే అనుభవం అన్నారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఇంతకీ నేను అడిగింది పెద్దదేం కాదు. ఉగాది రోజున హాల్లో ఒక మూల ఒక బల్ల, ఆరు కుర్చీలు, పక్కన ఖాళీ గోడ. బల్ల మీద పాత చీరల ముక్కలు, సూదులు, దారాలు ఉంటాయి. ఎవరికి తోచింది వాళ్ళు కుడతారు, కుట్టినవి ఆ గోడకు తగిలిస్తాం. ఈ పద్ధతి నా బుర్రలో పుట్టింది కాదు, ఇక్కడి క్వేకర్ల దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే "చర్చి వాళ్ళు" అన్న రెండు మాటల దగ్గరే నా మెయిల్ ఆగిపోయింది.

క్వేకర్ అనగానే మనకు ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకున్న పెద్దమనిషి గుర్తొస్తాడు. ఆ ఓట్స్ కంపెనీకీ వీళ్ళకీ సంబంధం లేదు, మంచి పేరుంది కదా అని వాడుకున్నారంతే. నిజంగా సంబంధం ఉన్నది మనం చిన్నప్పుడు తిన్న క్యాడ్‌బరీ చాక్లెట్‌కి. బర్మింగ్‌హామ్‌లో ఆ కంపెనీ పెట్టింది ఒక క్వేకర్ కుటుంబం. 17వ శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ అనే ఆయన మాటలతో ఇంగ్లాండ్‌లో మొదలైన సమాజం ఇది. బ్రిటన్‌లో వీళ్ళ ప్రార్థనలో పాస్టర్ ఉండడు, పాట ఉండదు. గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి నాలుగు మాటలు చెప్పి మళ్ళీ కూర్చుంటారు. నిర్ణయాలకు ఓటింగ్ కూడా ఉండదు, అందరి మనసు ఎటు మొగ్గిందో చూసి ఒకరు రాసి వినిపిస్తారు. మన జనరల్ బాడీ మీటింగులు చూసిన నాకు ఇది మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

వీళ్ళకీ బట్టకీ పాత లంకె ఉంది. 1700ల్లో జాన్ వూల్మన్ అనే క్వేకర్ అమెరికాలో దర్జీ పని చేసేవాడు. రంగు మురికిని దాచడానికే పనికొస్తుందని, బట్టను పాడు చేస్తుందని, రంగు వేయని బట్టలే తొడుక్కునేవాడు. ఎలిజబెత్ ఫ్రై అనే క్వేకర్ మహిళ, శిక్షపడి ఓడల్లో ఆస్ట్రేలియా తరలిపోయే ఖైదీ స్త్రీలకు సూదులు, దారాలు, గుడ్డముక్కలు అందేలా ఒక సంఘం పెట్టింది. 1841లో రాజా అనే ఓడలో వెళ్ళిన ఖైదీ స్త్రీలు దారిలో ఆ ముక్కలు కలిపి పెద్ద బొంత కుట్టారు. అందులో 2,815 ముక్కలున్నాయి. ఇప్పుడది ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో భద్రంగా ఉంది. బొంత కుట్టడం చేతనైన ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఆ లెక్క చదవగానే నా వేళ్ళు నొప్పి పుట్టాయి.

కెండల్ ఊరికి వెళ్ళిన వాళ్ళుంటే క్వేకర్ టేపెస్ట్రీ అనే కుట్టు బొమ్మల వరుస చూసే ఉంటారు. 1981లో ఒక పిల్లవాడి మాటతో మొదలై 1996లో పూర్తయింది. మొత్తం 77 గుడ్డ ఫలకాలు, ఊలు దారంతో కుట్టినవి. 15 దేశాల నుంచి నాలుగు వేల మందికి పైగా వాటి మీద చెయ్యి వేశారు. వాళ్ళందరూ పనితనం ఉన్నవాళ్ళేం కారు, సూది పట్టడం రాని వాళ్ళు కూడా నేర్చుకుని కుట్టారు.

వాతావరణం సంగతికి వస్తాను. బ్రిటన్ క్వేకర్లు 2011లో కాంటర్బరీలో జరిగిన తమ వార్షిక సమావేశంలో, కర్బనం తక్కువ వాడే సమాజంగా మారతామని మాట ఇచ్చారు. 2013లో బొగ్గు, చమురు, గ్యాస్ కంపెనీల నుంచి తమ పెట్టుబడి తీసేయాలని నిర్ణయించారు. ఈ దేశంలో ఆ పని చేసిన మొదటి మత సంస్థ వాళ్ళదే. ఆ తర్వాత 2019లో వాళ్ళలోని కళాకారులు కొందరు "లవింగ్ ఎర్త్" అనే పని మొదలుపెట్టారు. దీని పద్ధతి చాలా తేలిక. 30 సెంటీమీటర్ల చదరం గుడ్డ తీసుకోవాలి. వాతావరణం చెడిపోతే నీకు ఇష్టమైనది ఏది దెబ్బతింటుందో దాన్ని కుట్టాలి. అది మనిషి కావచ్చు, ఊరు కావచ్చు, పిట్ట కావచ్చు. ఆ నష్టానికీ మన రోజువారీ బతుకుకీ లింకు ఏమిటో, నువ్వేం చేస్తావో పక్కన నాలుగు వాక్యాలు రాసి పెట్టాలి. క్వేకర్లే కుట్టాలని లేదు, ఎవరైనా కుట్టవచ్చు. అలా వందల ఫలకాలు పోగయ్యాయి. 2021 నవంబరులో గ్లాస్గోలో కాప్ 26 అనే ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు జరిగినప్పుడు అక్కడా పెట్టారు, తర్వాత ఊరూరా తిరిగాయి.

ఇక్కడ మా ఊళ్ళో క్వేకర్లు ప్రార్థనకు కూడే మీటింగ్ హౌస్‌లో వాటిని చూసిన రోజు నాకు ఒక సంగతి తట్టింది. ఆ గదిలో ఒక్క గ్రాఫ్ లేదు. ఎవరూ వేలు చూపించి తిట్టలేదు. ఒక్కో గుడ్డ దగ్గర మనుషులు రెండు మూడు నిమిషాలు ఆగి చూస్తున్నారు. మన హాల్లో రెండు నిమిషాలు ఆగి చూసేది బిర్యానీ లైనొక్కటే.

నేను చీరాల దగ్గర ఊరిదాన్ని. నాన్న గుంట మగ్గం మీద, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం మీద నేస్తాడు, అరవై ఎనిమిదేళ్ళు, ఇంకా నేస్తూనే ఉన్నాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ రోజు మా ఇంట్లో మగ్గం గుంటలోకి నీళ్ళు దిగాయి. పడుగు మీద, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన నూలు మీద, ఇంకా మూడు చీరలున్నాయి. నేను ఇక్కడ ఆస్పత్రి ల్యాబ్‌లో నైట్ డ్యూటీలో ఉండి వీడియో కాల్‌లో చూశాను. అమ్మ చెంబుతో నీళ్ళు తోడి పోస్తోంది, పోసినకొద్దీ మళ్ళీ ఊరుతున్నాయి.

జనవరిలో మీటింగ్ హౌస్ వాళ్ళ కుట్టు బల్ల దగ్గర కూర్చుని నేను కుట్టింది అదే. అమ్మ పాత చీర తుంపు ఒకటి, గోధుమరంగు గుడ్డతో గుంట, కాళ్ళతో తొక్కే రెండు చెక్కలు, నీలం దారంతో నీళ్ళు. ఆరు శనివారాలు పట్టింది. ఫొటో పంపిస్తే నాన్న చూసి, "నీళ్ళు మోకాలి దాకా వచ్చినయ్యమ్మా, నువ్వు చీలమండ దాకే కుట్టావు" అన్నాడు. విప్పి మళ్ళీ కుట్టాను.

ఆ వేసవిలో అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చింది. మీకందరికీ తెలిసిన సంగతే, వచ్చిన రెండో వారానికే అమ్మలకూ నాన్నలకూ ఇక్కడ తోచదు. టీవీ, కిటికీ, మనవడి స్కూలు. ఒక శనివారం ఆమెను కూడా ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పక్కన ఎనభై దాటిన క్వేకర్ ముసలమ్మ ఒకావిడ కూర్చుంది. ఆవిడ దారం ముడి వేసే తీరు చూసి మా అమ్మకు నవ్వాగలేదు, చేతిలోంచి లాక్కుని తన పద్ధతిలో వేసి చూపించింది. సాయంత్రానికి ఆరుగురు ఇంగ్లీషు ఆడవాళ్ళు బొంత కుట్టు వేస్తున్నారు. "పొరకి పొర పెట్టి ఇట్టా పరుగు కుట్టు వేసుకుంటూ పోవాలని చెప్పు" అంటుంది అమ్మ, నేను దుబాసీని. ఇంటికొచ్చాక నాతో అంది: "మన పండగల్లో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి పెద్దలకు పాదాభివందనం అంటారు. వీళ్ళు నాకు పని ఇచ్చారే."

ఆ మాట విన్నాకే ఆ సంఘానికి మొదటి మెయిల్ రాశాను.

ఇది మన సంఘాల పని ఎందుకవుతుందని అడుగుతారు. ఎవరెవరి బతుకులు దీంతో ముడిపడి ఉన్నాయో కింద రాస్తున్నాను.

1. గుంట మగ్గం భూమిలోకి దిగి ఉంటుంది. నేల చల్లదనానికి నూలు కొంచెం తేమ పట్టి తెగకుండా ఉంటుందని పెద్దలు అలా పెట్టారు. ఆ మేలే ఇప్పుడు కీడైంది. గట్టి వాన పడితే గుంట నిండుతుంది, వాన వెలిసినా రోజుల తరబడి ఊట ఆగదు. పడుగు తడిసి సాగుతుంది, అచ్చు చెక్క ఉబ్బుతుంది, నూలు చుట్టిన కండెలు బూజు పడతాయి. నేత ఆగితే కూలి లేదు. సెలవు జీతం, ఇన్సూరెన్స్ అనేవి మనకు అలవాటైన మాటలు, మగ్గం దగ్గర అవి లేవు. తడిసిన పడుగు ఖర్చు ఎవరిదన్న దాని మీద, నూలు ఇచ్చి నేయించుకునే షావుకారుతో గొడవ వేరే. తుపాన్లు మన తీరానికి కొత్తవి కావు, 1977 దివిసీమ ఉప్పెన సంగతి మా అమ్మమ్మ చెప్పగా విన్నాను. ఒక్క తుపానును పట్టుకుని ఇది వాతావరణ మార్పు వల్లే వచ్చిందని నేననను. కానీ సముద్రం వేడెక్కిన కొద్దీ తుపాను మోసుకొచ్చే నీరు పెరుగుతుంది. ఆ పెరిగిన నీరు మొదట దిగేది లోతైన చోటికే కదా. మా ఇంట్లో లోతైన చోట నాన్న కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు.

2. ఉప్పాడ జాందానీ కట్టుకుని మన స్టేజీ మీద ఫొటోలు దిగుతాం. అదే ఉప్పాడలో సముద్రం ఏళ్ళ తరబడి ఇళ్ళనూ రోడ్డునూ కోసుకుపోతోంది. దానికి తీరం వెంబడి కట్టిన కట్టడాలు కూడా కారణమంటారు, అంతా వాతావరణం మీదికి నెట్టను. అయితే సముద్రమట్టం పెరుగుతుంటే ఆ ఊరికి మిగిలే గడువు ఇంకా తగ్గుతుంది. చీర మిగిలి, నేసిన ఊరు లేకుండా పోతే మన పిల్లలకు ఏమని చెబుతాం?

3. ఎండ. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఎండలో కూలికి పోయేవాళ్ళు, ముసలివాళ్ళు. రేకుల ఇంట్లో మగ్గం ఉన్నవాళ్ళకు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పని సాగదు. గాలి పొడిబారి నూలు పటపట తెగుతుంది, అతుకులు వేసుకుంటూ కూర్చోవాలి.

4. తెలంగాణ మిత్రుల కోసం పత్తి మాట. తీసే వేళకు వాన పడితే దూది రంగు మారుతుంది, తేమ పడుతుంది. మద్దతు ధర పూర్తిగా రావాలంటే తేమ 8 శాతం మించకూడదు. 12 దాటితే ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో అసలు కొనరు, ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. అదను తప్పిన ఒక్క వాన ఆ ఇంటి ఏడాది లెక్కను మార్చేస్తుంది.

5. వీళ్ళు ఎవరో నలుగురు అనుకోవద్దు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, దాని అనుబంధ పనుల్లో ఉన్నవాళ్ళు 35 లక్షలకు పైనే. వాళ్ళలో పదిమందికి ఏడుగురు ఆడవాళ్ళు. నేతకు ముందు నూలు సిద్ధం చేస్తూ ఆసు పోసేదీ, కండెలు చుట్టేదీ వాళ్ళే. మగ్గం ఆగితే ముందు వాళ్ళ చేతి డబ్బు ఆగుతుంది.

ఇక మీ అభ్యంతరాలు. మొదటిది మతం. నేను క్వేకర్‌ని కాను, అయ్యే ఆలోచనా లేదు. మా ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం ముందు దీపం వెలుగుతూనే ఉంది. ఆ కుట్టు బల్ల దగ్గర ఇన్నాళ్ళలో నాకెవరూ ఒక కరపత్రం ఇవ్వలేదు, ఆదివారం రమ్మని పిలవలేదు. నేను మిమ్మల్ని అడిగేది వాళ్ళ మతం తెచ్చుకోమని కాదు, వాళ్ళ పద్ధతి తెచ్చుకోమని. పద్ధతులు ఇటూ అటూ నడవడం కొత్త కూడా కాదు. 1839లో జోసెఫ్ పీజ్ అనే క్వేకర్, ఇంకొందరు కలిసి బ్రిటిష్ ఇండియా సొసైటీ పెట్టారు. అమెరికాలో బానిసల చేత పండించిన పత్తి మానుకుని, ఇండియాలో కూలి తీసుకుని పండించే పత్తి కొంటే రెండు దేశాల్లోనూ మేలని వాళ్ళ వాదన. చొక్కా వెనక మనిషిని చూడటం వాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు. నరసాపురం లేసు అల్లిక కూడా 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిందే, ఇప్పుడు దాన్ని మనది కాదని ఎవరైనా అంటారా?

రెండోది రాజకీయం. మన స్టేజీలెక్కి మాట్లాడిన ఎమ్మెల్యేల జాబితా నా దగ్గరుంది. అందుకని ఈ అభ్యంతరానికి జవాబు రాయడం లేదు.

మూడోది నిజమైన ప్రశ్న, మా ఆయనే వేశాడు: "గుడ్డ మీద పూలు కుడితే ఎండ తగ్గుద్దా?" తగ్గదు. క్వేకర్లు కూడా తగ్గుతుందని చెప్పరు. ఆ ఫలకంలో అసలు పని రాసేచోట ఉంది, "నువ్వేం చేస్తావు" అన్న దగ్గర. ఆరు శనివారాలు ఒక గుంటను కుట్టాక అక్కడ అబద్ధం రాయబుద్ధి కాదు. నేను రాసింది ఇది: ఏడాదికోసారి ఇండియా వెళ్ళేదాన్ని రెండేళ్ళకోసారి వెళతాను. లండన్ నుంచి హైదరాబాద్ వెళ్ళి రావడానికి ఒక్కొక్కరి వాటాకు టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. ఇండియాలో సగటున ఒక మనిషి ఏడాది మొత్తానికి వదిలేది సుమారు 2 టన్నులు. అంటే నాన్నను చూడటానికి వెళ్ళే విమానమే నాన్న గుంటలోకి నీళ్ళు తెచ్చేదాంట్లో ఒక పాలు. ఈ ముడి ఎలా విప్పాలో నాకు తెలియదు. ఒకసారి నాన్నకు కంటి ఆపరేషన్ అంటే మాట తప్పి వెళ్ళాను కూడా. ఇందాకటి వూల్మన్ 1772లో ఇంగ్లాండ్ వచ్చినప్పుడు, గుర్రాలనూ బండి తోలే కుర్రాళ్ళనూ హింసిస్తున్నారని గుర్రపు బండి ఎక్కకుండా లండన్ నుంచి యార్క్ దాకా నడిచాడట. మనం చీరాలకు నడిచి పోలేం. కానీ అదే వీధిలోని ముగ్గురం ఒకే హాలుకు మూడు కార్లలో రాకుండా ఉండగలం.

మీ ముందు నేను పెడుతున్న కోరికలు ఇవి. మొదటి రెండూ ఈ ఉగాదికే కావాలి.

1. ప్రతి ఉగాదికీ సంక్రాంతికీ హాల్లో ఒక బల్ల, ఒక గోడ. టాయిలెట్ల దారిలో వద్దు, భోజనాలకు వెళ్ళే దారిలో ఇవ్వండి. గుడ్డముక్కలు, సూదులు, దారాలు మేమే తెచ్చుకుంటాం. పిల్లలకు మొండి సూదులు వేరేగా ఉంటాయి, సేఫ్టీ గురించి టెన్షన్ వద్దు. ఫలకం కొలత ఆ 30 సెంటీమీటర్లే పెట్టుకుందాం. అప్పుడు మనవి వాళ్ళ వాటి పక్కన తగిలించినా అతుకుతాయి.

2. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆ బల్లకు పెద్దలుగా కూర్చోబెట్టండి. శాలువా కప్పితే కప్పండి, తర్వాత సూది కూడా చేతికివ్వండి. వరద, కరువు, చెరువు గండి సంగతులు వాళ్ళకు తెలిసినంతగా ఏ స్పీకర్‌కూ తెలియదు.

3. చీరల స్టాళ్ళకు ఒక నియమం పెట్టండి. చేనేత అని బోర్డు పెడితే, చేనేతకు ప్రభుత్వం ఇచ్చే హ్యాండ్లూమ్ మార్కు చూపించాలి. మరమగ్గం చీర అమ్మడం తప్పు కాదు, మరమగ్గం అని చెప్పి అమ్మాలి. పోయిన పండక్కి "ప్యూర్ మంగళగిరి" అని నాకు చూపించిన చీర అంచు తిప్పి చూస్తే అది పాలిస్టరు. నేతగాని కూతురికే అమ్మబోయారు, మిగతావాళ్ళ సంగతి చెప్పాలా?

4. ప్రతి పండక్కి కొత్త ఫ్లెక్సీ కొట్టించడం ఆపండి. సంఘం పేరు గుడ్డ మీద కుట్టి ఇస్తాం, తేదీ మార్చుకునేలా జేబు పెట్టి. ఫ్లెక్సీ మీద మీ ఫొటోలు ఉండవన్న ఇబ్బంది ఉందని తెలుసు. ఫొటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టుకుందాం.

5. టిక్కెట్ మీద ఒక్క పౌను తీసి పక్కన పెట్టండి. తుపాను వచ్చి మగ్గాలు మునిగినప్పుడు నీళ్ళు తోడే మోటారుకో, తడిసిన నూలుకో, గుంట చుట్టూ గట్టు కట్టుకోవడానికో ఆ డబ్బు పోవాలి. లెక్క ఏడాదికోసారి సభ్యులందరికీ చూపించాలి. మిచాంగ్ తర్వాత మన గ్రూపుల్లో దండం పెట్టే ఎమోజీలు లెక్కపెట్టలేనన్ని వచ్చాయి. మా వీధికి ఒక్క మోటారు రాలేదు.

6. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం. 2015 నుంచి జరుపుతున్నారు. ఆ వారంలో ఒక సాయంత్రం నేతపని వాళ్ళను వీడియోలో పిలిచి మాట్లాడించండి. పది నిమిషాలు చాలు. యాంకర్ మధ్యలో జోకులు వేయకపోతే ఇంకా మంచిది.

ఈ ఆరింట్లో ఖర్చున్నవి రెండే. మిగతావాటికి కావలసింది చోటు, మీ మాట.

గ్లాస్గోలో కాప్ 26 రోజుల్లోనే, క్వేకర్లు అని కాకుండా దేశం నలుమూలల నుంచి అల్లేవాళ్ళూ కుట్టేవాళ్ళూ పంపిన ముక్కలతో మైలున్నర పొడవు కండువా చేసి గ్లాస్గో గ్రీన్ మైదానంలో పరిచారు. భూమి వేడి పెరుగుదల ఒకటిన్నర డిగ్రీ దాటకూడదన్న దానికి గుర్తుగా ఆ మైలున్నర. అందులో తెలుగువాళ్ళ ముక్క ఒక్కటైనా ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే ఎవరైనా చెప్పండి, నేను చాలా సంతోషిస్తాను. పడుగు, పేక అన్న మాటలు మామూలు మాటల్లో కూడా దొర్లే భాష మనది. సూది చేతికివ్వడానికి మనకెందుకింత మొహమాటమో నాకు అంతుపట్టడం లేదు.

కార్యవర్గంలో చర్చించి నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. జవాబు రాకపోతే ఉగాది నాడు హాలు బయట పేవ్‌మెంట్ మీద మడత బల్ల వేసుకుని కూర్చుంటాం. అనుమతి కోసం కౌన్సిల్‌కి ఇప్పుడే దరఖాస్తు పెడుతున్నాను. ఇది బెదిరింపు కాదు, ఉగాది వేళ ఇక్కడ చలి ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ లోపలే బాగుంటుంది.

ఇట్లు,
చీరాల దగ్గరి ఒక నేతగాని కూతురు, మీ సంఘ సభ్యురాలు

తా.క. బల్ల ఇవ్వడం కుదరదనుకుంటే ఆ మాటే ఒక్క లైను రాయండి. "చూద్దామండీ" అని మాత్రం రాయకండి.